రెండుసార్లు పంపిన పోర్ట్‌ఫోలియో

కళల్లో పీజీ సీటు కోసం దరఖాస్తు పంపిన పదకొండు నిమిషాలకు, అంతా సవ్యంగా చేరిందో లేదో చూద్దామని ఆ పేజీని మళ్ళీ తెరిచినప్పుడు, పోర్ట్‌ఫోలియోలో, అంటే ఎంపికకు పంపే నా పనుల సంపుటిలో, బొమ్మల వరుస తారుమారైందని తెలిసింది. ఫైళ్ళకు నేను 1, 2, 3 అంటూ 20 దాకా పేర్లు పెట్టాను. ఆ దరఖాస్తు వ్యవస్థ వాటిని అంకెలుగా కాక అక్షరాలుగా చదివి, ఒకటి తరువాత పది, పదకొండు, పన్నెండు అంటూ పంతొమ్మిది దాకా పేర్చి, ఆ తరువాత రెండు, దాని వెనుక ఇరవై, ఆపైన మూడు పెట్టింది. ఏ బొమ్మ పక్కన ఏది ఉండాలో తేల్చుకోవడానికి మూడు వారాల పాటు చిన్న చిన్న కాగితపు నకళ్ళను నేల మీద పరిచి, జరిపి, మళ్ళీ జరిపి కూర్చుకున్న వరుస అది. 01, 02 అని ముందొక సున్నా చేర్చి ఉంటే ఏ ఇబ్బందీ ఉండేది కాదు. సహాయ విభాగానికి రాస్తే, ఒకసారి సమర్పించిన దరఖాస్తును తిరిగి తెరవడం కుదరదని ఒకే వాక్యంలో జవాబు వచ్చింది.

ఆ సంవత్సరం నేను దరఖాస్తు చేసిన ఏ చోటా సీటు రాలేదు. కొన్ని నెలల పాటు ఆ లేని సున్నా మీద నెపం వేసి ఊరట పొందాను. మిగతా నాలుగు చోట్లా వరుస సరిగ్గానే వెళ్ళిందన్న సంగతిని మాత్రం అంత తరచుగా గుర్తు చేసుకోలేదు.

నేను చేసేది ప్రింట్‌మేకింగ్, అంటే పలక మీద చేసిన బొమ్మను కాగితం మీద అచ్చు తీయడం; అందులోనూ ముఖ్యంగా రాగి పలకల మీద గీతలను ఆమ్లంతో కొరికించి, వాటిలో సిరా నింపి అచ్చు తీసే ఎచింగ్. డిగ్రీ పూర్తయ్యాక ఏడేళ్ళు ఒక ఉమ్మడి వర్క్‌షాపులో పనిచేశాను. ఇతర చిత్రకారుల పలకలకు అచ్చులు తీసిపెట్టడం నా జీవనాధారం; సొంత పని సాయంత్రాల్లో సాగేది. ఏడేళ్ళలో చేతికి పనితనం బాగానే వచ్చింది. సిరా ఎంత తుడవాలో, కాగితం ఎంతసేపు నానాలో, ప్రెస్సు బిగింపు ఎక్కడ ఆపాలో ఆలోచించకుండానే చేతులు చేసేవి. అయితే నా బొమ్మల ముందు నిలబడి, ఇది ఎందుకిలా ఉంది, ఇలాగే ఎందుకుండాలి అని అడిగే మనుషులు చుట్టూ లేరు. వర్క్‌షాపులో అందరూ అచ్చు బాగా వచ్చిందా లేదా అన్నదే చూసేవారు. పీజీకి వెళ్ళాలన్న ఆలోచన ఆ లోటు నుంచి పుట్టింది. పట్టా అవసరం ఆ తరువాతి మాట.

పట్టాల పేర్లు మొదట్లో నన్ను బాగా తికమక పెట్టాయి. ఎం.ఎఫ్.ఎ. (మాస్టర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్), ఎం.ఎ., ఎం.డెస్. (మాస్టర్ ఆఫ్ డిజైన్) అన్నీ పీజీ పట్టాలే అయినా వాటి వెనుక ఉద్దేశాలు వేరు. అమెరికాలో ఎం.ఎఫ్.ఎ. సాధారణంగా రెండేళ్ళది, కొన్నిచోట్ల మూడేళ్ళది. అక్కడి కళా విద్యాసంస్థలకు గుర్తింపునిచ్చే సంస్థ దీనికి కనీసం 60 సెమిస్టర్ క్రెడిట్లు ఉండాలంటుంది. స్టూడియో కళలో దాన్ని తుది పట్టాగా, అంటే ఆ రంగంలో అన్నిటికంటే పై పట్టాగా, పరిగణిస్తారు కాబట్టి, విశ్వవిద్యాలయంలో బోధించాలనుకునేవారు ఎక్కువగా అటే మొగ్గుతారు. ఎం.ఎ. చాలాచోట్ల దానికంటే చిన్నది. ఎం.డెస్. వైపు వెళ్ళేవారు వస్తువులు, సేవలు, తెరల మీద కనిపించే ఇంటర్‌ఫేస్‌ల వంటి రూపకల్పన సమస్యల మీద పనిచేస్తారు. అయితే గ్రాఫిక్ డిజైన్‌లో ఎం.ఎఫ్.ఎ. ఇచ్చే చోట్లూ ఉన్నాయి కాబట్టి పట్టా పేరు చూసి విషయాన్ని ఊహించుకోకూడదు. నడిచే తీరులోనూ ఎంతో తేడా ఉంది. అమెరికాలోని క్రాన్‌బ్రూక్ అకాడమీలో మామూలు అర్థంలో తరగతులే ఉండవు. ఒక్కో విభాగాన్ని అక్కడే నివసించే ఒక కళాకారుడో, కళాకారిణో నడుపుతారు, విద్యార్థులు తమ స్టూడియోల్లో తమ పని చేసుకుంటూ పోతారు. లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో ఉన్నవన్నీ డిగ్రీకి పై చదువులే. జర్మనీ కళా అకాడమీల్లో ‘మాపె’ అనే బొమ్మల సంచి ఇప్పటికీ ప్రవేశానికి గుండెకాయ వంటిది. ఈ తేడాలు తెలుసుకోవడానికి నేను వారం రోజులు కూడా పెట్టలేదు. మొదటి ఏడు చేసిన తప్పుల్లో ఇదే పెద్దదని ఇప్పుడు అనిపిస్తుంది, ఎందుకంటే ఐదు వేర్వేరు స్వభావాలు గల చోట్లకు ఒకే దరఖాస్తును పేరు మార్చి పంపాను.

ఆ దరఖాస్తులో ఉన్నవి నా అత్యుత్తమమైన 20 అచ్చులు. అన్నీ పూర్తయినవి, అన్నీ శుభ్రమైనవి, ప్రతిదాని అడుగున పెన్సిలుతో ఎడిషన్ సంఖ్య (ఒకే పలక నుంచి తీసిన అచ్చుల్లో అది ఎన్నోదో చెప్పేది), సంతకం. ఇరవై అన్న ఈ లెక్క చాలాచోట్ల కనిపిస్తుంది. 15 నుంచి 20 దాకా అడగడం మామూలు. పూర్వం 35 మిల్లీమీటర్ల స్లైడ్లు పంపే రోజుల్లో వాటిని దాచే పారదర్శక ప్లాస్టిక్ షీటుకు సరిగ్గా ఇరవై జేబులుండేవి; ఈ సంఖ్య అక్కడి నుంచే వచ్చిందని నా ఊహ. కొడాక్ 2004లో స్లైడ్ ప్రొజెక్టర్ల తయారీ ఆపేసింది, షీట్లు పోయాయి, ఇరవై మాత్రం మిగిలింది.

తిరస్కరణ లేఖలన్నీ ఒకే మూసలో ఉన్నాయి. కారణం చెప్పే ఆనవాయితీ లేదు. ఒక్క చోట మాత్రం, అడిగితే పోర్ట్‌ఫోలియో మీద పది నిమిషాలు మాట్లాడతామన్నారు. అడిగాను. ఫోనులో మాట్లాడిన అధ్యాపకురాలు మర్యాదగా రెండు ముక్కల్లో తేల్చేశారు: “మీకు చేయడం వచ్చునని మొదటి మూడు బొమ్మల్లోనే తెలిసిపోయింది. తరువాతి పదిహేడు బొమ్మలూ మళ్ళీ అదే చెప్పాయి.” ఆ మాట మింగుడుపడటానికి కొంతకాలం పట్టింది.

డిగ్రీలో నాకు ఎచింగ్ నేర్పిన మాస్టారి దగ్గరకు ఆ మాటను మోసుకెళ్ళాను. ఆయన పోర్ట్‌ఫోలియో చూడలేదు. వర్క్‌షాపుకు వచ్చి, నా బల్ల కింది సొరుగు లాగి, అందులో కుప్పగా పడి ఉన్న ప్రూఫులు బయటికి తీశారు. ఎచింగ్ చేసేవారికి ఇవి తెలిసినవే. పలకను ఆమ్లంలో ముంచి తీసిన ప్రతి దశలోనూ, ఎంతవరకు వచ్చిందో చూడటానికి ఒక అచ్చు తీస్తాం. దాన్ని స్టేట్ ప్రూఫ్ అంటారు. చూసి, కావలసినచోట గీతలు లోతు చేసి, అక్కరలేనివి గీకి, రుద్ది చెరిపి, మళ్ళీ అచ్చు తీస్తాం. ఆ సొరుగులో ఒకే పలకకు సంబంధించినవి తొమ్మిది ప్రూఫులున్నాయి. మొదటిదాంట్లో ఒక కిటికీ, దాని ముందు కూర్చున్న మనిషి. నాలుగోదాంట్లో మనిషి లేడు. గీకి చెరిపిన చోట పలక పూర్తిగా నునుపెక్కక, నీడ వంటి బూడిదరంగు మచ్చ మిగిలింది. ఏడోదాంట్లో ఆ మచ్చనే పెంచి గది మొత్తం పరిచాను. తొమ్మిదోదాంట్లో కిటికీ కూడా పోయింది. నేను ఎడిషన్ తీసి పోర్ట్‌ఫోలియోలో పెట్టింది ఆ తొమ్మిదోదే: అందమైన, ఖాళీ అయిన ఒక గది.

“ఈ మనిషి ఎక్కడికి పోయాడో నీ పోర్ట్‌ఫోలియో చూసినవాళ్ళకు ఎలా తెలుస్తుంది?” అన్నారు మాస్టారు. డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ 1653లో చేసిన ‘మూడు శిలువలు’ అచ్చును గుర్తుచేశారు. ఆయన ఆ రాగి పలకను నాలుగో దశలో ఎంతగా మార్చేశాడంటే, జనం గుంపులోని చాలామంది చీకటిలో కలిసిపోయారు. అయినా ఈనాడు మనం వెనకటి దశల అచ్చులను పక్కన పెట్టుకునే ఆ చీకటిని చదువుతాం. నేను మాత్రం నా చీకటిని ఒక్కదాన్నే పంపి, అందరూ దాని వెనుక ఉన్నదాన్ని ఊహించుకోవాలని ఆశించాను.

రెండో ఏడు పోర్ట్‌ఫోలియోను మొదటి నుంచి కట్టాను. ఇరవై చోట్లలో తొమ్మిదింటిని ఆ ఒక్క పలకకే ఇచ్చాను. ఇది సాహసమా, తెలివితక్కువతనమా అన్నది పంపే రోజు దాకా తేలలేదు. మిగతా పదకొండింటిలో ఐదు పూర్తయిన అచ్చులు, నాలుగు పెన్సిలు స్కెచ్చులు, ఒక రాగి పలక ఫోటో. చివరిది అచ్చు పాడైపోయిన కాగితం. ప్రెస్సులో ముడత పడి బొమ్మ మధ్యలో తెల్లని చార వచ్చిన ఆ కాగితాన్ని పారేయకుండా ఎందుకు దాచానో నాకే తెలియదు; చూస్తే అదే నా పనికి అన్నిటికంటే దగ్గరగా ఉంది.

ఫోటోల విషయంలో ఎక్కువ కాలం పట్టింది, అందుకు విచారం లేదు. బొమ్మలను ఫోటో తీసే సంప్రదాయ పద్ధతి అందరికీ తెలిసిందే: రెండు వైపులా రెండు దీపాలు, రెండూ బొమ్మకు 45 డిగ్రీల కోణంలో, కెమెరా సెన్సారు బొమ్మకు సమాంతరంగా, రంగు సరిచూసుకోవడానికి పక్కన ఒక బూడిదరంగు కార్డు. మొదటి ఏడు అలాగే తీశాను. రంగు తప్పలేదు, అంచులు వంగలేదు. కానీ ఎచింగ్ అంటే సిరా మాత్రమే కాదు. ప్రెస్సు ఒత్తిడికి తడికాగితం పలక అంచు వెంట లోపలికి దిగి, చుట్టూ ఒక గట్టు ఏర్పడుతుంది. లోతుగా కొరికిన గీతల్లో సిరా కాగితం మీద ఉబ్బి నిలుస్తుంది, వేలితో తాకితే తెలుస్తుంది. రెండు వైపుల నుంచి సమానంగా పడిన వెలుగు ఆ నీడలన్నిటినీ తుడిచేస్తుంది. నా అచ్చులు తెర మీద పెన్ను గీతల్లా కనిపించడానికి కారణం అదే.

రెండోసారి ఒక దీపం ఆపేసి, రెండోదాన్ని బల్ల ఎత్తుకు దించి, కాగితాన్ని దాదాపు రాసుకుంటూ వెలుగు పోయేలా పెట్టాను. పలక గట్టు నీడ గీతలా లేచింది. నాలుగో ప్రూఫులో మనిషిని చెరిపిన చోట, నేను గీకిన గీకుడు గుంట ఒక చెంప మీది సొట్టలా కనిపించింది. ఆ ఫోటో తీసిన సాయంత్రం నాకు మొదటిసారి ఈ దరఖాస్తు మీద నమ్మకం కలిగింది. ప్రతి అచ్చుకూ రెండు రకాల ఫోటోలు పెడితే చోటు చాలదు కాబట్టి, పూర్తి బొమ్మకు మామూలు వెలుగు, రెండు ముఖ్యమైన ప్రూఫులకు మాత్రం దగ్గర నుంచి ఏటవాలు వెలుగు వాడాను. అన్నిటినీ తెరలకు ప్రామాణికమైన ఎస్‌ఆర్‌జీబీ రంగు ప్రొఫైల్‌లోకి మార్చాను. వేరే ప్రొఫైల్‌లో ఉంటే కొన్ని బ్రౌజర్లలో రంగులు వెలవెలపోతాయి. ఫైళ్ళ పేర్లు ఈసారి 01తో మొదలయ్యాయని వేరే చెప్పనక్కరలేదు.

వ్యాసాల దగ్గర చాలామంది లాగే నేనూ పొరబడ్డాను. కళాకారుని వక్తవ్యం వేరు, చదువు ఉద్దేశాన్ని చెప్పే వ్యాసం వేరు. మొదటిది బొమ్మల గురించి: ఏం చేస్తున్నాను, దేనితో, ఏ ప్రశ్న వెంట. రెండోది నా గురించి, వారి గురించి: ఈ చదువు ఎందుకు, ఇప్పుడే ఎందుకు, అక్కడే ఎందుకు. నా తొలి చిత్తుప్రతి “చిన్నప్పటి నుంచీ నాకు బొమ్మలంటే ప్రాణం” అని మొదలైంది. మాస్టారు ఆ వాక్యాన్ని కొట్టేసి, అంచున “అందరికీ” అని ఒక్క మాట రాశారు. తరువాతి చిత్తులో జ్ఞాపకం, అభావం, అస్తిత్వం వంటి పెద్ద మాటలు వచ్చి చేరాయి, వాటినీ కొట్టేశారు. చివరికి పంపిన వక్తవ్యం 300 మాటలకు లోపే. దాని మొదటి వాక్యం: “రాగి పలక మీద ఒకసారి గీసినదాన్ని పూర్తిగా చెరపడం సాధ్యం కాదు, నేను ఆ సాధ్యం కాని చోట పనిచేస్తున్నాను.” అది రాయడానికి ఆరు వారాలు పట్టింది. అక్కడే ఎందుకు అన్న భాగం మాత్రం ప్రతి చోటికీ విడిగా రాశాను. వారి అధ్యాపకుల పేర్ల జాబితా ఇచ్చి పొగడటం మానుకుని, ఆ విభాగంలో ఉన్న ఒక ప్రెస్సు, అక్కడ పట్టా పొందినవారి ప్రదర్శనల్లో నేను చూసిన ఒక ధోరణి, నేను అడగదలచుకున్న ఒక ప్రశ్న చెప్పాను. దరఖాస్తులు కూడా ఐదు నుంచి మూడుకు తగ్గించాను. విడివిడిగా మూడింటికి మించి మనసు పెట్టి రాయడం నా వల్ల కాదు.

సిఫారసు లేఖలు మూడు కావాలన్నారు. ఇద్దరు డిగ్రీ నాటి అధ్యాపకులు. మూడో లేఖ ఎవరిని అడగాలన్నది పెద్ద ప్రశ్నయింది. ఒక విశ్వవిద్యాలయ ఆచార్యుని పేరుకు బరువుంది కానీ ఆయనకు నా పని తెలియదు. వర్క్‌షాపు నడిపే ప్రింటర్‌కు ఏ పట్టా లేదు కానీ ఏడేళ్ళుగా నా చేతులను చూస్తున్నారు. ప్రింటర్‌నే అడిగాను. వారు ముందు ఒప్పుకోలేదు, “నాకు అలాంటివి రాయడం రాదు” అన్నారు. నేను చేసిన ఒక పెద్ద పొరపాటు గురించి రాయమని బతిమాలాను: ఒక చిత్రకారిణి పలకను ఆమ్లంలో మరిచిపోయి, గీతలు తెగిపోతే, వారం రోజులు కూర్చుని ఆమెతో కలిసి దాన్ని ఎలా దక్కించామో. లేఖలో ఏముందో చూసే హక్కును నేను వదులుకున్నాను కాబట్టి అదే రాశారో లేదో నాకు తెలియదు. గడువుకు ఏడు వారాల ముందే అందరికీ చెప్పాను. అయినా ఒక లేఖ ఆఖరి రోజున చేరింది. మార్కుల పత్రాలు, భాషా పరీక్ష వంటివి విసుగు పుట్టించే పనులే తప్ప కష్టమైనవి కావు. గడువు తేదీ అర్ధరాత్రి ఎవరి ఊరి అర్ధరాత్రో మాత్రం ముందే చూసుకోవాలి.

ఫిబ్రవరిలో రెండు చోట్ల నుంచి ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. మొదటిదాంట్లో నేను చెప్పిందే తిప్పి చెప్పాను, వారూ మర్యాదగా విన్నారు. రెండోదాంట్లో తెర మీద ముగ్గురున్నారు. మూడు నాలుగు ప్రశ్నల తరువాత వారిలో ఒకరు అడిగారు: “ఈ ఇరవైలో ఒకటి తీసేయమంటే ఏది తీస్తారు?”

నేను అన్ని ప్రశ్నలకూ సిద్ధపడ్డాను, దీనికి తప్ప. తొమ్మిదో ప్రూఫు, అంటే ఎడిషన్ తీసిన ఆ అందమైన ఖాళీ గది, తీసేస్తానని నోటి నుంచి వచ్చేసింది. ఏడేళ్ళ పనిలో అందరూ మెచ్చుకున్న అచ్చు అది. ఎందుకని అడిగారు. ఎనిమిదో దశలో ఆ గది ఇంకా ఖాళీ అవుతూ ఉంది, తొమ్మిదోదాంట్లో ఖాళీ అయిపోయింది, ఇక చూసేవారికి చేయడానికి ఏమీ మిగలలేదు అని చెప్పాను. ముగ్గురిలో ఇద్దరు నవ్వారు, మూడో ఆయన ఏదో రాసుకున్నారు. తరువాతి పది నిమిషాలు ఇంటర్వ్యూలా జరగలేదు. ఎక్కడ ఆపాలి అన్నదాని మీద వాళ్ళలో వాళ్ళే వాదించుకున్నారు. నేను పీజీకి ఎందుకు వెళ్ళాలనుకున్నానో, దాన్ని ఆ పది నిమిషాల పాటు చూశాను.

మార్చిలో ఫలితాలు వచ్చాయి. మొదటి ఇంటర్వ్యూ చోట వెయిటింగ్ లిస్టు. ఇంటర్వ్యూ లేకుండానే ఒక చోట సీటు, ఆర్థిక సాయం లేకుండా. రెండో ఇంటర్వ్యూ చోట సీటుతో పాటు బోధన సహాయకత్వం (అధ్యాపకులకు పాఠాల్లో తోడ్పడే పని), దానికి ట్యూషన్ ఫీజులో కొంత మినహాయింపు, నెలవారీ భృతి. అమెరికాలోని చాలా విశ్వవిద్యాలయాలు సమ్మతించిన ఒక ఉమ్మడి తీర్మానం ప్రకారం, ఆర్థిక సాయంతో కూడిన సీటుకు ఏప్రిల్ 15 లోపు జవాబు చెప్పమని విద్యార్థిని ఒత్తిడి చేయకూడదు. ఆ వెసులుబాటు ఉంది కదా అని మొదట జాబితా రాసుకుంటూ కూర్చున్నాను: మిగిలిన ఖర్చెంత, సహాయకత్వానికి వారానికి ఎన్ని గంటలు, రెండో ఏడు కూడా అదే సాయం కొనసాగుతుందా. ఈ మూడో ప్రశ్నను వారికి రాసి అడిగాను. లిఖితపూర్వకంగా జవాబు వచ్చేదాకా ఒప్పుకోలేదు. సాయం లేని చోటు పేరు ఎక్కువ మందికి తెలుసు. ఆ పేరును వదులుకోవడానికి ఒక రాత్రి నిద్ర పట్టలేదని ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

జవాబు మార్చి 29న వచ్చింది. ఆ రోజే అంగీకారం పంపి, మిగతా రెండు చోట్లకూ నేను రావడం లేదని రాశాను. ఏప్రిల్ 15 దాకా ఆగవచ్చు, కానీ వెయిటింగ్ లిస్టులో ఉండటం ఎలా ఉంటుందో ఈలోపు నాకు బాగా తెలిసింది.